బొమ్మల పుస్తకం పట్టుకుని పాతబస్తీలో

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నెల క్రితం ఫోన్ చేసి, "ఈసారి సభలో మీరు పావుగంట మాట్లాడాలి" అన్నారు. దేని గురించి అని అడిగాను. "ఉద్యోగ విరమణ తర్వాత కాలక్షేపం" అన్నారు. నేను యోగాసనాలు వేయను. తీర్థయాత్రలు పెద్దగా చేయలేదు. మనవళ్ళు పెద్దవాళ్ళయిపోయి నా కథలు వినడం మానేశారు. మరి నేనేం మాట్లాడగలను? రెండేళ్ళుగా ఒక చినిగిన పుస్తకం చంకలో పెట్టుకుని పాతబస్తీ గల్లీల్లో తిరుగుతున్నాను. దాని గురించే మనవి చేసుకుంటాను. చివర్లో ఒక చిన్న ప్రతిపాదన కూడా ఉంది. క్లర్కుగా ముప్ఫై నాలుగేళ్ళు చేసినవాడు ప్రతిపాదన లేకుండా నోటు ముగించలేడు కదా!

ముందు పుస్తకం సంగతి. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారని మీ అందరికీ తెలుసు. ఒక ఆదివారం మా మనవరాలికి పోటీ పరీక్షల పుస్తకం కోసం వెళ్ళాను. అది దొరకలేదు. దాని బదులు అట్ట లేని ఒక గైడు పుస్తకం దొరికింది. అరవై అన్నాడు, నలభైకి ఇచ్చాడు. అట్టతో పాటు మొదటి నాలుగు పేజీలూ పోయాయి. రాసినవారెవరో, బొమ్మలు వేసినవారెవరో, ఏ సంవత్సరంలో వేశారో లేదు. సంతకం, తేదీ లేని ఫైలు లాంటిదన్నమాట. అయితే అందులో దుకాణాల ఫోన్ నంబర్లు ఆరంకెలే ఉన్నాయి. దాన్ని బట్టి ముప్ఫై ఏళ్ళు దాటిన పుస్తకమని అంచనా వేసుకున్నాను.

అందులో చార్మినార్ గురించి అర పేజీ మాత్రమే ఉంది. అది 1591లో కట్టినదని చెప్పి వదిలేశాడు రచయిత. మిగిలినదంతా దుకాణాలూ, కార్ఖానాలూ. ఒక్క పాతబస్తీ భాగంలోనే ముప్ఫై ఆరు బొమ్మలున్నాయి. పెన్నుతో గీసిన చిన్న చిన్న బొమ్మలు. ఒక ఆకుపచ్చ తలుపు, దాని ముందు కుంపటి. మెట్ల మీద కూర్చుని సూది ఎక్కిస్తున్న కుర్రవాడు. గోడకు తగిలించిన సుత్తులు. పక్కనే చేత్తో గీసిన పటం, "వేపచెట్టు దగ్గర ఎడమకు తిరగండి, పాల దుకాణం దాటాక రెండో మెట్లు" అన్న రకం గుర్తులు.

మిత్రులారా, ఆ పటం చూసి నాకు సిగ్గేసింది. ఎందుకంటే 1979 నుంచి 1990 దాకా పదకొండేళ్ళు నేను పనిచేసిన ఆఫీసు ఆ పటంలోనే ఎక్కడో ఉండాలి. ఉదయం బస్సు దిగి నయాపూల్ మీదుగా ఆఫీసుకు, సాయంత్రం ఆఫీసు నుంచి నయాపూల్‌కు. మధ్యాహ్నం ఇరానీ చాయ్. పదకొండేళ్ళలో నా కాళ్ళు ఆ ఒక్క గీత మీదే నడిచాయి. ఆ గీతకు ఇరవై గజాల దూరంలో ఎవరు ఏం చేస్తున్నారో నాకు తెలియదు. కాగితాల మీద వాళ్ళ పేర్లు మాత్రం చూశాను. ఆ కాగితాల సంగతికి తర్వాత వస్తాను.

మొదటి ప్రయాణం లాడ్‌బజార్‌కు. మా ఆవిడ కూడా వస్తానంది. లక్క గాజులంటే రాదా మరి! మలక్‌పేటలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాం. అక్కడి నుంచి ఆటోలో మదీనా దాకా. ఆ తర్వాత నడక. పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నీడగా ఉంటుంది. మూసీకి 1908లో వచ్చిన వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. ఏడో నిజాం హయాంలో దాని పథకాల్లో కట్టినవే ఈ రాతి దుకాణాల వరుసలు. అవి దాటితే చార్‌కమాన్, మధ్యలో గుల్జార్ హౌజ్. అక్కడి నుంచి చార్మినార్ కనిపిస్తుంది. దానికి పడమటి వైపు వీధే లాడ్‌బజార్.

దుకాణాలు అందరూ చూసినవే. పుస్తకంలోని బొమ్మ మాత్రం దుకాణానిది కాదు. వెనక గల్లీలో ఒక ఇల్లు, వాకిట్లో కుంపటి. అడుగుతూ పోతే ఆ ఇల్లు దొరకలేదు కానీ అలాంటి ఇల్లే మరొకటి దొరికింది. ఒక తల్లీ, ఇద్దరు కూతుళ్ళూ కూర్చుని పనిచేస్తున్నారు. మా ఆవిడను చూసి, "లోపలికి రండమ్మా" అని చాప వేశారు. నాకు బయట స్టూలు.

లక్క అంటే చెట్ల కొమ్మల మీద ఒక రకం పురుగులు విడిచే జిగురు పదార్థం. దాన్ని బొగ్గుల కుంపటి మీద వేడిచేసి, రంగు కలిపి, మెత్తబడ్డాక పొడుగ్గా వత్తి, వలయంగా చుట్టి, రెండు కొసలూ వేడితోనే అతికిస్తారు. అది చల్లారకముందే అద్దం ముక్కలూ, రాళ్ళూ, పూసలూ ఒక్కొక్కటి అద్దాలి. చల్లారితే రాయి దిగదు, మరీ వేడిగా ఉంటే గాజు సాగిపోతుంది. ఆ తల్లి వేళ్ళు కుంపటికి జానెడు దూరంలో ఆడుతున్నాయి. ఆమె మాతో మాట్లాడుతూనే ఉంది, రాళ్ళు మాత్రం వరుస తప్పలేదు.

గాజుల కొలతలో నాకు ఒక విశేషం తెలిసింది. మన ఆడవాళ్ళు "రెండు ఆరు", "రెండు ఎనిమిది" అని అడుగుతారే, ఆ అంకెలేమిటని ఎప్పుడైనా ఆలోచించారా? నేను డెబ్బై ఏళ్ళు ఆలోచించలేదు. రెండు ఆరు అంటే రెండు అంగుళాల మీద ఆరు పదహారో వంతులు. రెండు ఎనిమిది అంటే రెండున్నర అంగుళాలు. పదహారణాల లెక్క! రూపాయికి పదహారణాలు పోయి 1957లోనే నూరు పైసలు వచ్చాయి. ఆడవాళ్ళ మణికట్టు మీద మాత్రం పదహారు లెక్క ఇంకా నడుస్తోంది.

మా ఆవిడ బేరం మొదలుపెట్టింది. ఆమె బేరంలో దిట్ట, సుల్తాన్‌బజార్‌లో ఆమెను చూసి జడిసేవారు. ఆ తల్లి గాజు చేతిలో పెట్టుకుని నెమ్మదిగా అన్నది: "అమ్మా, మీరు దుకాణంలో చెప్పే బేరమే ఇక్కడా చెబుతున్నారు. దుకాణంవాడు మాకు జతకు ఇంతని కూలి ఇస్తాడు. మీరు అక్కడ తగ్గించినప్పుడల్లా తగ్గేది ఆ కూలే." మా ఆవిడ మారు మాట్లాడలేదు. అడిగినంత ఇచ్చింది. ఇంటికొచ్చేదాకా బస్సులో కూడా మాట్లాడలేదు. యాభై ఏళ్ళ కాపురంలో ఇది రికార్డు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లో ఆ వార్త చదివి మా ఆవిడ కత్తిరించి దాచింది. తర్వాత వెళ్ళినప్పుడు ఆ తల్లికి చూపిస్తే, "మంచిదే అమ్మా, బొగ్గుల ధర ఏమైనా తగ్గుతుందా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

తర్వాత నెల నుంచి నాకు తోడుగా మన సంఘ సభ్యులే ఒకరు వస్తున్నారు. పేరు చెబితే కోప్పడతారు. మోకాళ్ళ నొప్పులని మెట్రో మెట్లు ఎక్కరు గానీ గల్లీ మెట్లు ఎక్కుతారు. మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. నెలకు రెండు శనివారాలు. ఉదయం పదకొండు తర్వాతే బయలుదేరాలి, అంతకుముందు పోతే తలుపులు మూసి ఉంటాయి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ వెళ్ళకూడదు. పుస్తకంలోని బొమ్మ ఎదురుగా నిలబడి, ఇప్పుడు అక్కడ ఏముందో ఆ పేజీ అంచున పెన్సిలుతో రాయాలి. ఆకుపచ్చ సిరా గెజిటెడ్ అధికారులది, ఎర్ర సిరా ఆడిట్ వారిది. మనకు పెన్సిలే క్షేమం.

పన్నెండో బొమ్మ ఒక మేడ గది. నలుగురు కుర్రవాళ్ళు ఒక చెక్క చట్రం చుట్టూ కూర్చుని గుడ్డ మీద పనిచేస్తుంటారు. కింద 'కార్చోబ్' అని ఉంది. అదేమిటో నాకు అర్థం కాలేదు. వెళ్ళి చూస్తే మా కోడలు పెళ్ళి జాకెట్టు మీద వేయించుకున్న "మగ్గం వర్కు" ఇదే! చట్రాన్ని మనవాళ్ళు మగ్గమన్నారు, ఆ పేరు నిలిచింది. ముందు కాగితం మీద డిజైను గీసి, ఆ గీత వెంట సూదితో సన్నటి బెజ్జాలు పొడుస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరచి, సుద్దపొడి కిరోసిన్‌లో కలిపి పైన రుద్దితే బెజ్జాల్లోంచి చుక్కలు చుక్కలుగా డిజైను గుడ్డ మీదికి దిగుతుంది. మన ఆఫీసుల్లో స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ చేసేవాళ్ళం, గుర్తుందా? అదే సూత్రం. ఈ సంగతి అక్కడి ఉస్తాదుకు చెబితే పడీపడీ నవ్వాడు. ఇక్కడ బొమ్మా ఉంది, మనుషులూ ఉన్నారు, పనీ ఉంది. పేజీ అంచున "యథాతథం" అని రాశాను.

అన్నిచోట్లా అలా రాయలేకపోయాం. పంతొమ్మిదో బొమ్మ ఛత్తాబజార్‌లో ఒక కాతిబ్‌ది. అంటే ఉర్దూ దస్తూరీ రాసే ఆయన. మోకాలి మీద పలక, పలక మీద కాగితం, చేతిలో రెల్లు కలం. ఒకప్పుడు ఉర్దూ పత్రికలు, పుస్తకాలు, పెళ్ళి పత్రికలు ఇలా చేత్తో రాసినదాన్నే అచ్చు వేసేవారు. 1990లలో కంప్యూటర్‌లో ఉర్దూ అక్షరాలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. ఛత్తాబజార్ ఇప్పటికీ పెళ్ళి పత్రికల బజారే. బొమ్మలోని చోట మాత్రం ఫ్లెక్సీలు వేసే దుకాణం ఉంది. యజమాని మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు. బొమ్మ చూపిస్తే చాలాసేపు చూసి, "ఈ కిటికీ ఇప్పుడూ ఉంది చూడండి" అని ఫ్లెక్సీ చుట్టలు పక్కకు జరిపి చూపించాడు. కిటికీ ఉంది. దాని వెలుతురులో కూర్చున్న మనిషి లేడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉర్దూ సేత్వార్లూ పహాణీలూ చూసిన మనకు ఆ చేతిరాత విలువ తెలియనిది కాదు. నా దస్తూరీ బాగుంటుందని మా సూపరింటెండెంటు గారు ఫెయిర్ కాపీలన్నీ నాకే ఇచ్చేవారు. తర్వాత టైపు మిషనూ, ఆ తర్వాత కంప్యూటరూ వచ్చి నా దస్తూరీ కూడా సెలవు తీసుకుంది. కానీ నా జీతం ఆగలేదు. తేడా అక్కడే ఉంది.

ఇరవై మూడో బొమ్మలో ఒక మనిషి సుత్తి ఎత్తి ఉన్నాడు. కింద "ముందు చప్పుడు వినిపిస్తుంది, తర్వాత ఇల్లు కనిపిస్తుంది" అన్న అర్థంలో రాసి ఉంది. వరఖు కొట్టేవాళ్ళ గల్లీ అది. మిఠాయిల మీద, కిళ్ళీల మీద అంటించే వెండి రేకు ఉంటుంది కదా, గాలి తగిలితే ఎగిరిపోయేంత పలచన, అది వరఖు. చిన్న వెండి ముక్కలను పుస్తకం లాంటి తోలు సంచీలో పొరల మధ్య పెట్టి, గంటల తరబడి సుత్తితో కొడితే అంత పలచన అవుతుంది. మేం రెండు గల్లీలు తిరిగినా చప్పుడు వినిపించలేదు. మా మిత్రుడు తన చెవి మిషను సర్దుకుని చూశారు కూడా. చివరకు ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని చెప్పాడు: "మిషను రేకు వచ్చింది సాబ్. నా భుజం కూడా పోయింది. ఏది ముందు పోయిందో చెప్పలేను." పెన్సిలు తీయబుద్ధి కాలేదు. అయినా రాశాను. రాయకపోతే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన సంగతికి వస్తాను.

ఇరవై ఏడో బొమ్మ బిద్రీ పనివాడిది. బిద్రీ అంటే నల్లటి లోహం మీద వెండి తీగ పొదిగిన కూజాలూ, పెట్టెలూ, పళ్ళేలూ. సాలార్‌జంగ్ మ్యూజియంలో మీరు చూసే ఉంటారు. బీదర్ పేరు మీద బిద్రీ అయింది. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమే. ఈ పనివాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి ఇసుక అచ్చులో పోత పోస్తారు. ఆకురాయితో రుద్ది నునుపు చేస్తారు. ఆకురాయిని ఇంగ్లీషులో ఫైలు అనే అంటారు. మనం తిప్పిన ఫైలూ, వాళ్ళు రుద్దే ఫైలూ పేరుకు ఒకటే. తర్వాత మైలుతుత్తం నీళ్ళు పూస్తే లోహం నల్లబడుతుంది. దాని మీద ములుకుతో డిజైను గీసి, సన్నటి ఉలితో గీత వెంట తొలిచి, ఆ గాడిలో వెండి తీగ పెట్టి సుత్తితో దిగగొడతారు. మళ్ళీ రుద్దితే పై నలుపు పోయి అంతా ఒకటే తెలుపుగా కనిపిస్తుంది. ఏది వెండో, ఏది జింకో తెలియదు. అప్పుడు బీదర్ కోటలోంచి తెచ్చిన పాత మట్టిని నవాసాగరంతో కలిపి, వస్తువును కొద్దిగా వేడిచేసి ఆ ముద్దతో రుద్దుతారు. క్షణంలో లోహం కాటుకలా నల్లబడుతుంది. వెండి మాత్రం నల్లబడదు! ఆ మట్టి మంచిదో కాదో నాలుక మీద వేసుకుని రుచి చూసి చెబుతారు. దీనికి పరీక్షా లేదు, సర్టిఫికెట్టూ లేదు.

సర్టిఫికెట్టు అన్న మాట దగ్గరే నా కథ ఉంది. 1980ల మధ్యలో మా సెక్షన్‌కు చేతివృత్తులవారి చిన్న రుణాల దరఖాస్తులు వచ్చేవి. ఒక బిద్రీ పనివాడు దరఖాస్తు పెట్టుకున్నాడు. సొంత పనిముట్లూ, కొంచెం వెండీ కొనుక్కోవడానికి. అతను మరొకరి కార్ఖానాలో కూలికి చేసేవాడు. వృత్తి ధ్రువీకరణ పత్రం జతచేయలేదు. నేను "వృత్తి రుజువు జతపరచనందున తిప్పి పంపడమైనది" అని రాసి పంపాను. అతను వచ్చాడు. నిబంధన చెప్పాను. యజమాని రాసివ్వడట, రాసిస్తే పనివాడు చేజారిపోతాడని భయం. రెండోసారి వచ్చాడు. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి వచ్చి ఏమీ మాట్లాడకుండా రెండు చేతులూ నా బల్ల మీద ఫైలు పైన పెట్టాడు. గోళ్ళ సందుల్లో నలుపు, బొటనవేలి పక్కన ఉలి తగిలిన గీతలు. ఇంతకంటే రుజువు ఏం కావాలని అతని ఉద్దేశం. నేను అన్నాను, "చేతులు ఫైల్లో పెట్టలేను కదయ్యా." సెక్షన్‌లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను చేతులు తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

నిబంధన ప్రకారం నేను చేసింది తప్పు కాదు. ఇప్పుడు ఆడిట్ పెట్టినా అభ్యంతరం రాదు. కానీ పై అధికారికి ఒక నోటు పెట్టి, "క్షేత్ర పరిశీలన చేయించవచ్చు" అని ఒక్క వాక్యం రాసి ఉండవచ్చు. ఆఫీసు నుంచి అతని గల్లీ పది నిమిషాల నడక. నేనే వెళ్ళి చూసి ఉండవచ్చు. వెళ్ళలేదు. చాయ్‌కు వెళ్ళాను.

ఆ మనిషి పేరు నాకు గుర్తులేదు. బొమ్మలోని పనివాడు అతనేనని కథ అల్లి చెప్పను, అందుకు ఆధారం లేదు. ఆ చిరునామాకు వెళితే అక్కడ సెల్‌ఫోన్ కవర్ల దుకాణం ఉంది. వాళ్ళు వెనక సందు చూపించారు. అక్కడ ఒక ఉస్తాదు, అరవై ఏళ్ళవాడు, ఒక్కడే కూర్చుని చిన్న పెట్టె మూత మీద తీగ దిగగొడుతున్నాడు. కొడుకు మోటారు సైకిల్ మీద భోజనాలు ఇంటింటికీ అందించే పనిలో ఉన్నాడట. నేను ముందుగా చూసింది ఆ ఉస్తాదు చేతులే. అదే నలుపు, అవే గీతలు.

రెండుసార్లు ఊరికే వెళ్ళి కూర్చున్నాను. మూడోసారి ఉండబట్టలేక పాత కథంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. అతను సుత్తి ఆపకుండానే అన్నాడు: "మా అబ్బాజాన్ కూడా అలాగే తిరిగేవారు సాబ్. మీ ఆఫీసో, ఇంకోటో. కొన్నాళ్ళకు తిరగడం మానేశారు. మా ఇంట్లో ఎవరికైనా కాగితమంటే అప్పటి నుంచీ భయమే." కాసేపాగి, "మీకు కాగితం పని వచ్చు కదా?" అని అడిగాడు.

అడిగిన సంగతి ఇది. కేంద్ర ప్రభుత్వ హస్తకళల విభాగం చేతివృత్తులవారికి పహచాన్ అనే గుర్తింపు కార్డు ఇస్తోంది, 2016 నుంచి. అది ఉంటే ప్రభుత్వ మేళాల్లో స్టాలుకు, శిక్షణకు, ఇతర పథకాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొడుకు ఫోన్లో ఫారం చూపించాడు గానీ ఎవరూ నింపలేదు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాను. పేరు స్పెల్లింగు ఆధార్‌లో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో మరో రకంగా ఉంది. మొదటిసారి నేనే చూసుకోకుండా తప్పు రాశాను. రెండోసారి జతచేయాల్సిన ఫొటో మరిచాను. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు ఉన్న నేనే మూడుసార్లు తిరిగాను! మూడోసారి మెట్లెక్కుతున్నప్పుడు నాకు ఎవరు గుర్తొచ్చి ఉంటారో మీరు ఊహించగలరు.

కార్డు వచ్చింది. ఉస్తాదు ఒక మేళాలో స్టాలు కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. వస్తుందో రాదో తెలియదు. అతని కొడుకు సుత్తి పట్టుకుంటాడని కూడా నేను చెప్పను. ఆ అబ్బాయికి బండి మీద నెలనెలా చేతికి డబ్బు వస్తోంది, తప్పు పట్టలేం. కార్డు వచ్చిన రోజు ఉస్తాదు మాత్రం దాన్ని గోడకు, సుత్తుల పక్కన తగిలించాడు. నేను అక్కడే ఒక చిన్న కుంకుమ భరిణె కొన్నాను. బేరం చేయలేదు. మా ఆవిడ కూడా ఎంతకు కొన్నావని అడగలేదు.

మొత్తం ముప్ఫై ఆరు బొమ్మల లెక్క మా రిజిస్టరు ప్రకారం ఇది: ఉన్నచోటే అదే పని చేస్తున్నవి తొమ్మిది. చోటు మారినా పని మిగిలినవి ఎనిమిది. మిగతా పంతొమ్మిది చోట్ల పని లేదు. కొన్నిచోట్ల ఇల్లు కూడా లేదు. మిషన్లు వచ్చాయి, కాలం మారింది, నిజమే. కానీ తిరిగి చూశాక నాకు తోచింది ఇంకొకటి ఉంది. చాలాచోట్ల పని మిగిలే ఉంది. ఆ గుమ్మం దాకా వచ్చేవాళ్ళు లేరు. కొనేవాడు దుకాణం దగ్గరే ఆగిపోతాడు, ఆఫీసువాడు కాగితం దగ్గరే ఆగిపోతాడు. నేను పదకొండేళ్ళు ఆగిపోయినవాణ్ణే.

ఇక ప్రతిపాదన. మన దగ్గర డబ్బు లేదు, డీఏ బకాయిల సంగతి ఇప్పుడు ఎత్తను. కానీ మన దగ్గర రెండు వస్తువులున్నాయి. ఒకటి తీరిక. రెండోది, దరఖాస్తు తప్పుల్లేకుండా నింపే విద్య. ఇన్నేళ్ళూ ఏ కాగితం లేదని తిప్పి పంపామో, ఆ కాగితం ఎలా సంపాదించాలో మనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నెలకో రోజు, రెండో శనివారం, నలుగురైదుగురం కలిసి ఆ గల్లీలకు వెళదాం. చూద్దాం. అవసరమైనది కొందాం. ఎవరికైనా ఫారం నింపాలంటే అక్కడే అరుగు మీద కూర్చుని నింపుదాం. పుస్తకంలో లేని పనివాళ్ళు కనిపిస్తే, పేరు, పని, గుర్తులు వారు సరేనంటేనే ఒక రిజిస్టరులో రాసి సంఘం ఆఫీసులో ఉంచుదాం. మన సభ్యుల పిల్లలు పెళ్ళిళ్ళకు గాజులో, జాకెట్టు పనో, కానుకలో కావాలంటే ఆ రిజిస్టరు చూసుకుని నేరుగా వెళ్ళవచ్చు. ఫ్లెక్సీ దుకాణం యజమాని కుమారుడు బొమ్మలు బాగా వేస్తాడు. కొత్తవాటికి బొమ్మలు వేసిస్తానన్నాడు.

ఆసక్తి ఉన్నవారు భోజనాల దగ్గర కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వండి. వచ్చే రెండో శనివారం పదకొండున్నరకు మదీనా చౌరస్తా దగ్గర కలుద్దాం. కళ్ళద్దాలు, మంచినీళ్ళ సీసా, మెత్తటి చెప్పులు తెచ్చుకోండి. రెండు పెన్నులు కూడా తెచ్చుకోండి, అక్కడ ఎవరి దగ్గరా ఉండవు. బేరం మాత్రం ఇంట్లో వదిలి రండి.